ఇంతకుముందు ఎవరు వాడారు?

అమెరికాలో పాత పికప్ ట్రక్కులంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఒక అలవాటుంది. బండి కొనడానికి విమానం ఎక్కుతారు. తీసుకునేది ఒకవైపు టికెట్టే. తిరుగు ప్రయాణం కొన్న బండిలోనే. వెయ్యి మైళ్లయినా, రెండు వేల మైళ్లయినా సరే, దారిలో హోటళ్ల బోర్డులు ఎన్ని కనిపించినా ఆగరు. ఏ కంకర రోడ్డులోకో మళ్లి, ట్రక్కు వెనక తొట్టిలో పరుపు వేసుకుని పడుకుంటారు. కాగితాలు చెప్పని సంగతులు ఆ దారి చెబుతుందని వాళ్ల నమ్మకం.

డాలస్‌లో ఉండే మా బావమరిదిది చాలాకాలంగా ఇదే పిచ్చి. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పిల్లలు పడుకున్నాక అరిజోనా, న్యూ మెక్సికో, నెవాడాల అమ్మకాల ప్రకటనలు. నేనూ మా ఆవిడా కడప నుంచి వచ్చి వాళ్లింట్లో దిగాం. గుళ్లూ మాల్సూ చూడటం అయిపోయి, ఇక ఏం చూడాలో తోచకుండా ఉన్నాను. అక్టోబరులో ఒక రాత్రి, "బావా, ఫీనిక్స్‌లో దొరికింది. తోడొస్తావా?" అన్నాడు. అడగడమే ఆలస్యం, సంచి సర్దుకున్నాను.

డాలస్‌లో ట్రక్కులు లేవా అంటే, వీధికి పది ఉన్నాయి. అసలు భయం తుప్పు. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు అడుగున చేరి చాసిస్‌ని తినేస్తాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద ఇనుము పొరలు పొరలుగా ఊడిపోతూ ఉంటుంది. ఆ బండ్లు ఉత్తరాదిలోనే ఉండిపోవు, చేతులు మారుతూ టెక్సస్ దాకా వస్తాయి. టయోటా టకోమా ట్రక్కుల చాసిస్‌ తుప్పు పెద్ద కోర్టు గొడవే అయింది. 2008లో ఆ కంపెనీ బాగా తుప్పుపట్టిన పాత టకోమాలను మార్కెట్ ధరకు ఒకటిన్నర రెట్లిచ్చి వెనక్కి తీసుకుంది. 2016లో మరో 15 లక్షల బండ్ల విషయంలో, 340 కోట్ల డాలర్ల దాకా ఖర్చు కాగలదన్న అంచనాతో, రాజీకి ఒప్పుకుంది. అందుకే తెలిసినవాళ్లు వానా మంచూ ఎరగని అరిజోనా ఎడారి బండ్ల కోసం వెతుకుతారు. అక్కడి ఎండకు రంగు వెలుస్తుంది, డాష్‌బోర్డు పగులుతుంది, రబ్బరు ఎండుతుంది. అవన్నీ మార్చుకోగలిగినవి. చాసిస్‌ అలా కాదు.

విమానానికి సంచి సర్దడంలోనే మా బావమరిది పనితనం కనబడింది. ఏడంగుళాలు మించని స్పానర్లూ స్క్రూడ్రైవర్లూ చేతి సంచిలో పెట్టాడు, అంతవరకూ అనుమతి ఉంది. సుత్తిని కేబిన్‌లోకి రానివ్వరు కాబట్టి అది లగేజీలోకి వెళ్లింది. పవర్‌బ్యాంకుది దీనికి తలకిందులు, లగేజీలో పెట్టకూడదు, వెంటే ఉండాలి. పొయ్యిని కడిగి, ఇంధనం వాసన కూడా లేకుండా చేశాడు. గ్యాస్ డబ్బాలకు ఎక్కడా చోటు లేదు, దిగాక కొనుక్కోవాల్సిందే. క్యాంపింగ్‌లో చిన్న ఫ్రిజ్‌ నడిపే పెద్ద లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి అసలే ఒప్పుకోరు గనక దాన్ని ఇంట్లోనే వదిలేశాడు. పడుకునే సంచులు, ఒక గిన్నె, టైర్ల గాలి చూసే మీటరు, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర. రెండున్నర గంటల్లో ఫీనిక్స్‌లో దిగాం.

అమ్మే పెద్దమనిషి ఆ ట్రక్కులోనే విమానాశ్రయానికి వచ్చాడు. 2013 టకోమా, నాలుగు తలుపులది, వెనక తొట్టి మీద గుడారం బిగించి ఉంది. మావాడు దగ్గర్లోని మెకానిక్‌కి డబ్బు కట్టి ముందే పరీక్ష చేయించాడు. అయినా బండి కింద దూరి, చాసిస్‌ పొడవునా సుత్తితో కొడుతూ పోయాడు. మా ఊళ్లో కుండ కొనేటప్పుడు మా అమ్మ వేలితో తట్టి మోత వినేది, అదే శ్రద్ధ. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము మూగగా పలుకుతుంది. తర్వాత ప్రశ్నలు మొదలెట్టాడు. మీకంటే ముందు ఎవరు వాడారు? దేనికి వాడారు? బోటు లాగారా? ఎప్పుడైనా నీళ్లలో దింపారా? ఏ రాష్ట్రంలో ఉండేది? గుద్దుకుని, బాగుచేయడం దండగని బీమా కంపెనీ తేల్చేసిన బండి అయితే టైటిల్ మీద, అంటే యాజమాన్య పత్రం మీద ముద్ర ఉంటుంది. పదిహేడు అక్షరాల నంబరు కొడితే రిపోర్టు వస్తుంది. కానీ బీమా కంపెనీకి చెప్పకుండా బాగు చేయించుకున్న దెబ్బలు ఏ రిపోర్టులోనూ రావు. అవి మనిషిని అడిగి, ముఖం చూసి తెలుసుకోవాల్సినవి. ఆయన తాపీగా అన్నిటికీ జవాబు చెప్పాడు. బ్యాంకు శాఖలోనే చెక్కు చేతులు మారింది, నోటరీ ముందు సంతకం అయింది. అరిజోనాలో నంబర్ ప్లేటు బండితో రాదు, అమ్మినవాడి దగ్గరే ఉండిపోతుంది. తాత్కాలిక పర్మిట్ కాగితం తగిలించుకుని బయల్దేరాం.

ఫీనిక్స్ ఎత్తు వెయ్యి అడుగుల చిల్లర, ఉత్తరాన ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్‌ది దాదాపు ఏడు వేలు. ఆ నూట నలభై అయిదు మైళ్లలో ముళ్లజెముళ్లు పోయి దేవదారు జాతి చెట్లు వస్తాయి. ఆ ఎక్కుడే మొదటి పరీక్ష అన్నాడు మావాడు. ఇంజన్ వేడి ముల్లు కదల్లేదు. ఫ్లాగ్‌స్టాఫ్‌లో గ్యాస్ డబ్బాలు, నీళ్ల క్యాన్లు, నాలుగు రోజులకు సరిపడా ఉల్లిపాయలూ గుడ్లూ కొన్నాం. అక్కడినుంచి 89వ నంబరు రోడ్డు దిగువకు జారుతూ నవాహో దేశంలోకి తీసుకెళ్తుంది.

దేశం అనే అంటారు, నవాహో నేషన్. అమెరికాలో ఆదివాసీల చేతిలో ఉన్న అతి పెద్ద నేల. అరిజోనా రాష్ట్రం ఎండాకాలంలో గడియారాన్ని ముందుకు జరపదు, నవాహో నేషన్ జరుపుతుంది. అందుకని అక్టోబరులో ఆ సరిహద్దు దాటగానే ఫోనులో ఒక గంట ఎగిరిపోయింది. ట్యూబా సిటీ దగ్గర పక్కనే ఉన్న హోపీ తెగవాళ్ల నేలలో అది మళ్లీ వెనక్కి వచ్చింది. ఫోన్ చెడిందని మావాడు తిట్టుకున్నాడు గానీ, ఎవరి నేల మీద ఉన్నామో ఆ ఫోను మాకంటే నిక్కచ్చిగా చెబుతోంది.

కయెంటాలో పెట్రోలుకి ఆగాం. బంకు పక్కన నీళ్లు పట్టుకునే చోట ట్రక్కులు వరసలో ఉన్నాయి. ప్రతిదాని తొట్టిలోనూ ఇనుప చట్రం కట్టిన తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకు. ఒక పెద్దావిడ పాత షెవర్లే దగ్గర మావాడి కళ్లు ఆగిపోయాయి. వెనక కమాన్ పట్టీలు పూర్తిగా చదునై, ఇంకొంచెమైతే అటు వంగేట్టున్నాయి. ఆ ట్యాంకులో పట్టేది 275 గ్యాలన్లు, అంటే వెయ్యి లీటర్ల పైన. టన్ను దాటిన బరువు. మా టకోమా మోయగలిగింది అందులో సగానికి కాస్త ఎక్కువ.

"ఎన్ని మైళ్లు తిరిగిందమ్మా?" అని అడిగాడు, ట్రక్కుల వాళ్లు పలకరించుకునే తీరులో.

"మీటరు ఆగిపోయి చాలా ఏళ్లయింది" అందావిడ. "నీళ్లకీ ఇంటికీ మధ్య ఎంత దూరమో తెలుసు. అది చాలు."

నవాహో నేషన్‌లో దాదాపు మూడో వంతు ఇళ్లకు కుళాయి నీళ్లు లేవు. 1868 ఒప్పందం ప్రకారం ఈ నేలతోపాటు నీళ్లు చూపించే బాధ్యత కూడా ప్రభుత్వానిదేనని వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2023లో తీర్పు అయిదుగురు నలుగురుగా చీలి వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. ఒప్పందం అలాంటి పూచీ ఏదీ ఇవ్వలేదన్నారు. ట్రక్కు ఎవరికి సరదా, ఎవరికి కుళాయి అన్నది ఆ వరసలో నిలబడితే అర్థమవుతుంది. మా తొట్టి మీద ఖరీదైన గుడారం ఉంది, ఆవిడ తొట్టిలో వారం నీళ్లున్నాయి.

కయెంటా దాటాక మాన్యుమెంట్ వ్యాలీ. సినిమాల్లో చూసిన ఎర్ర గుట్టలు దారికి రెండు వైపులా నిలబడి ఉంటాయి. అది నవాహోల పార్కు, అనుమతి లేకుండా ఎక్కడబడితే అక్కడ బండి ఆపి పడుకోవడానికి లేదు. యూటా సరిహద్దు దాటి, శాన్ వాన్ నది ఒడ్డున మెక్సికన్ హ్యాట్ అనే చిన్న ఊరు గడిచి, ఎడమకు మళ్లాక మాకు కావలసిన నేల వచ్చింది. వ్యాలీ ఆఫ్ ద గాడ్స్. పదిహేడు మైళ్ల ఎర్రమట్టి దారి, చుట్టూ ఇసుకరాతి గుట్టలు. టికెట్టు లేదు, గేటు లేదు, బుకింగ్ లేదు.

ఇది సమాఖ్య ప్రభుత్వ భూమి. బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ అనే సంస్థ చూస్తుంది. దాని చేతిలో మొత్తం 24.5 కోట్ల ఎకరాలున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే వచ్చే విస్తీర్ణానికి మూడున్నర రెట్లు. అందులో చాలాచోట్ల పద్నాలుగు రోజుల దాకా ఉచితంగా మకాం వేయొచ్చు. ఇంతకుముందు ఎవరో దిగిన చోటనే దిగాలి, కొత్త చక్రాల జాడలు వేయకూడదు, తెచ్చిన చెత్తంతా, ఒంటి వ్యర్థంతో సహా, మూటకట్టి తీసుకుపోవాలి. ఇక్కడి మట్టి మీద నల్లగా, గరుకుగా ఒక పొర కనిపిస్తుంది. అది ప్రాణమున్న పొర, సూక్ష్మజీవులూ నాచూ కలిసి ఇసుకను పట్టి ఉంచుతాయి. ఒక్క టైరు దాని మీద నుంచి పోతే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. వాన పడితే ఈ దారి జిగురు బురదవుతుంది, వాగులు అడ్డం వస్తాయి. ఆ సాయంత్రం ఆకాశంలో మబ్బు తునక లేదు.

మావాడు టైర్ల గాలి తగ్గించాడు. రోడ్డు మీద ముప్ఫై అయిదు పాయింట్లుండేది ఇరవై రెండుకు తెచ్చాడు. గాలి తగ్గితే టైరు నేలను ఆనే చోటు పొడవవుతుంది, రాళ్ల మీద కుదుపు తగ్గుతుంది, ఇసుకలో దిగబడదు. ఆ ట్రక్కుకి మా చేతిలో అదే మొదటి మట్టి. ఫోర్ వీల్‌లో వేసి, వాగు దిగి, ఎక్కి, ఒక గుట్ట పక్కన అప్పటికే రెండు ట్రక్కులున్న చోటు చూసి, అడిగి, కాస్త ఎడంగా ఆపాం.

ఒకటి మిషిగన్ నుంచి వచ్చిన దంపతులది. ఆయన కార్ల ఫ్యాక్టరీలో రిటైరయ్యాడు. రెండోది కొలరాడో మనిషిది. నలభై ఏళ్లుంటాయి, డెన్వర్‌లో విమానాలు బాగుచేసే హ్యాంగర్లో మెకానిక్. చలి దిగుతుంటే మిషిగన్ ఆవిడ గ్యాస్ మంట వెలిగించి కుర్చీలు వేసింది. మేము పులిహోర పంచాం. మిరపకాయ పక్కన పెట్టాలని చెప్పేలోపే కొలరాడో ఆయన నమిలేశాడు. పరిచయాలు అంతటితో పూర్తయ్యాయి.

ఇలాంటి చోట ఉద్యోగాల గురించి ఎవరూ అడగరు. బండి ఎక్కడ కొన్నావు, ఎంతకు, కింద ఎలా ఉంది, ఇవే కుశల ప్రశ్నలు. మిషిగన్ దంపతులూ మాలాగే విమానం పుణ్యాన బండి తెచ్చుకున్నవాళ్లే. టూసన్ దాకా ఎగిరి ఫోర్డ్ ఎఫ్-150 కొని, దానిలో ఇంటికి వెళ్లారు. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి అమెరికాలో అత్యధికంగా అమ్ముడవుతున్న ట్రక్కు. "నేను జీవితమంతా కార్లు తయారుచేశాను. మా ఊరి ఉప్పు వాటిని తినడం కూడా జీవితమంతా చూశాను. ఇప్పుడు ఏటా డిసెంబరు రాకముందే దీన్ని తీసుకుని దక్షిణానికి వచ్చేస్తాం. మా మోకాళ్ల కోసం కాదు, చాసిస్‌ కోసం" అన్నాడాయన. "మోకాళ్ల కోసమే" అంది ఆవిడ.

కొలరాడో ఆయనకు టకోమా నచ్చలేదని కాదు గానీ, కలల్లో మాత్రం హైలక్స్ ఉంది. ప్రపంచమంతా దొరికే ఆ టయోటా ట్రక్కు అమెరికాలో అమ్మరు. దాని వెనక ఒక కోళ్ల కథ ఉంది. 1960ల మొదట్లో అమెరికన్ కోడి మాంసం చవగ్గా వచ్చిపడుతోందని ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ దాని మీద సుంకం వేశాయి. బదులుగా అమెరికా 1964 నుంచి విదేశీ చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ల తగువు ఎప్పుడో చల్లారిపోయింది, ట్రక్కుల సుంకం మిగిలిపోయింది. విదేశీ బండి తెచ్చుకోవాలంటే దానికి పాతికేళ్లు నిండాలి, అప్పుడే ఇక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు. "హైదరాబాద్‌లో షోరూముకి వెళ్లి కొనుక్కోవచ్చు, 2022 నుంచి" అని మావాడు అన్నాడు. ఆ మంట చుట్టూ ఇండియాకి అంత గౌరవం దేనివల్లా దక్కి ఉండదు.

మాటలు మోయబ్ మీదికి మళ్లాయి. ఇక్కడికి ఉత్తరాన ఉన్న ఆ ఊరు రాళ్ల మీద బండ్లు ఎక్కించేవాళ్లకు కాశీ. 1967 నుంచి అక్కడ ఏటా ఈస్టర్‌కి జీపుల యాత్ర జరుగుతోంది. 2023లో ప్రభుత్వం ఆ ఊరికి వాయవ్యాన 317 మైళ్ల దారుల్ని వాహనాలకు మూసేసింది. కొలరాడో ఆయనకు అది తలచుకుంటేనే ఒళ్లు మండుతోంది. "ఆ దారులు మేం వేసినవి కావు. డెబ్బై ఏళ్లుగా ఉన్నవి" అన్నాడు. "వేసినవాళ్లు ఎవరు?" అంది మిషిగన్ ఆవిడ. ఆయన కాసేపాగి, "యురేనియం వెతికినవాళ్లు" అన్నాడు.

ఆ రాత్రి నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది ఆయన విమానాల గురించి చెప్పింది. ఫీనిక్స్‌కి మేం ఎక్కి వచ్చిన విమానం వయసెంతో తెలుసా అని అడిగాడు. మేం టికెట్ ధర చూశాం, సామాను రుసుము చూశాం, విమానం వయసు ఎవరు చూస్తారు? "జెట్ విమానం పాతికేళ్లు ఎగురుతుంది. ఒక కంపెనీ వాడి ఇంకో దేశానికి అమ్ముతుంది, వాళ్లు ఇంకొకళ్లకు. మీరు ఎక్కేవాటిలో చాలా భాగం పాతవే. కానీ మీకు భయం లేదు. ఎందుకంటే ఏ భాగం ఎప్పుడు వేశారు, ఎన్నిసార్లు ఎగిరింది, ఎన్నిసార్లు దిగింది, ఎవరు విప్పారు, ఎవరు బిగించారు, అన్నిటికీ సంతకంతో రికార్డు ఉంటుంది. ఆ రికార్డులు పోతే, విమానం నిక్షేపంలా ఉన్నా దాని విలువ చాలా మటుకు పోయినట్టే. ముక్కలుగా అమ్ముకోవాలి."

అలా ఎగరడం మానేసిన విమానాలు ఎక్కడికి వస్తాయో కూడా ఆయనే చెప్పాడు. అరిజోనాకే. టూసన్‌లోని వైమానిక దళ స్థావరంలో వేలకొద్దీ సైనిక విమానాలు ఆరుబయట వరసలుగా ఉన్నాయి. దగ్గర్లోని మరానాలో పౌర విమానాలుంటాయి. పొడిగాలికి తుప్పు పట్టదు, నేల గట్టిది కాబట్టి కాంక్రీటు పోయకుండానే నిలబెట్టొచ్చు. మావాడు టకోమా కోసం వెతికిన గాలే అది.

"మరి ఈ దారికి రికార్డు ఉందా?" అన్నాను నేను. పులిహోర తెచ్చినవాడి ప్రశ్న కాబట్టి మర్యాదగా నవ్వారు. కానీ కొలరాడో ఆయన తల తిప్పి ఉత్తరాన నల్లగా అడ్డంగా ఉన్న కొండగోడను చూపించాడు. "రేపు దాని మీదికి ఎక్కుతారుగా. ఆ రోడ్డు ఎవరు వేశారో పైన బోర్డు మీద ఉంటుంది. చదవండి."

మోకీ డగ్‌వే అని ఆ ఘాట్ రోడ్డు పేరు. ఉదయం కింద నిలబడి చూస్తే అక్కడ రోడ్డు ఉందనే తెలియదు. మూడు మైళ్ల మట్టి దారి నిలువు గోడ మీద మెలికలు తిరుగుతూ పదకొండు, పన్నెండు వందల అడుగులు ఎక్కుతుంది. అంచున గోడ లేదు. మావాడు ట్రక్కును లో-రేంజ్‌లో వేశాడు. మలుపు మలుపుకీ లోయ ఇంకొంచెం విప్పుకుంటూ వచ్చింది. రాత్రి మేం దిగిన గుట్ట చిన్నదై, మిషిగన్ వాళ్ల తెల్ల ట్రక్కు బియ్యపు గింజంత అయింది. పైన చదును మీద నుంచి చూస్తే మాన్యుమెంట్ వ్యాలీ దాకా కనిపిస్తుంది. ఎర్రనేలను తొలుచుకుంటూ నది మెలికలు.

ఈ రోడ్డును 1958లో టెక్సస్ జింక్ అనే గని సంస్థ వేయించింది. సరదాగా పైకెక్కి లోయను చూడ్డానికి కాదు. సీడర్ మేసా పీఠభూమికి అవతల ఉన్న హ్యాపీ జాక్ గనిలో తవ్విన యురేనియం ఖనిజాన్ని లారీల్లో కిందికి దింపి, మెక్సికన్ హ్యాట్ దగ్గర హల్చీటాలోని మిల్లుకి చేర్చడానికి. మేం గుండె చిక్కబట్టుకుని ఎక్కిన ఆ మెలికల్లోంచి లోడు లారీలు దిగేవి. మిల్లు ఉన్నది నవాహోల నేల మీద. 1965లో అది మూతపడింది. మిగిలిన వ్యర్థాన్నీ, మాన్యుమెంట్ వ్యాలీ దగ్గరి మరో మిల్లు వ్యర్థాన్నీ కలిపి అక్కడే ఒక గుట్టగా పోసి, పైన మట్టీ రాళ్లూ కప్పారు. 1995కి ఆ పని పూర్తయింది. చుట్టూ ఉన్నవన్నీ గాలీ నీరూ చెక్కిన గుట్టలు, అదొక్కటే మనుషులు పోసింది. ముందురోజు దాని పక్కనుంచే వచ్చాం, ఎవరూ చెప్పకపోతే కన్ను ఆగదు.

1944 నుంచి 1986 దాకా నవాహో నేషన్‌లో దాదాపు మూడు కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. వదిలేసిన గనులు అయిదు వందల పైనే ఉన్నాయి. గాలి ఆడని సొరంగాల్లో పనిచేసిన నవాహో కార్మికులను ఊపిరితిత్తుల క్యాన్సర్ పట్టుకుంది. నష్టపరిహారానికి చట్టం 1990లో గానీ రాలేదు. 2005లో నవాహో నేషన్ తన నేల మీద యురేనియం తవ్వకాన్ని నిషేధించుకుంది.

కానీ లారీలు ఆగలేదు. 2024 జులై నెలాఖరులో గ్రాండ్ కాన్యన్‌కు దక్షిణాన ఉన్న పిన్యన్ ప్లెయిన్ గని నుంచి యురేనియం ఖనిజంతో లారీలు నవాహో నేల మీదుగా బయల్దేరాయి. నవాహో అధ్యక్షుడు బూ నైగ్రెన్ వాటిని ఆపమని తన పోలీసులను పంపాడు. అప్పటికే అవి సరిహద్దు దాటిపోయాయి. నెలల తరబడి చర్చలు జరిగి, 2025 జనవరిలో గని సంస్థ ఎనర్జీ ఫ్యూయెల్స్‌తో ఒప్పందం కుదిరాక రవాణా మళ్లీ మొదలైంది. ఆ లారీల దారి ఫ్లాగ్‌స్టాఫ్, ట్యూబా సిటీ, కయెంటా, మెక్సికన్ హ్యాట్. మేం పాటలు పెట్టుకుని వచ్చిన దారి అడుగు అడుగునా అదే. అవి చేరే వైట్ మేసా మిల్లు అమెరికాలో ఈ తరహావాటిలో ఇప్పటికీ నడుస్తున్నది. పీఠభూమి చుట్టి బ్లాండింగ్ మీదుగా దక్షిణానికి దిగుతున్నప్పుడు ఆ మధ్యాహ్నమే దాని పక్కనుంచి పోయాం. దాని పొరుగున ఉన్నది యూట్ తెగవాళ్ల పల్లె.

తుమ్మలపల్లె యురేనియం గని ఉన్న జిల్లా నుంచి వచ్చినవాణ్ని, నాకు ఇది పరాయి కథ అనిపించలేదు. గని పక్క ఊళ్లలో బోరునీళ్ల గురించి, అరటితోటల గురించి రైతులు మాట్లాడేది విని ఉన్నాను. 2019లో నల్లమలలో యురేనియం తవ్వొద్దని జనం లేస్తే తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. అక్కడ తవ్వకముందు అడిగారు. ఇక్కడ తవ్వి, దారులు వేసి, వదిలేసి వెళ్లిపోయాక, ఆ దారులే మాలాంటివాళ్లకు సాహస యాత్రలయ్యాయి. మోయబ్ దారుల్లోనూ చాలా వాటిది ఇదే పుట్టుక. కాన్యన్‌లాండ్స్‌లో ఫోర్ వీల్ వాళ్లు మొక్కుకునే వంద మైళ్ల వైట్ రిమ్ రోడ్డు 1950లలో యురేనియం కోసం వేసిందే.

ఆ మాటే మావాడితో అన్నాను. "ఒరేయ్, నువ్వు బండి కింద దూరి సుత్తితో కొట్టి మరీ చూశావు. ముందు ఎవరు వాడారు, దేనికి వాడారు అని గుచ్చిగుచ్చి అడిగావు. దారినీ నేలనూ ఒక్కమాట అడగలేదు కదరా."

"దారిని ఎవరు కొంటారు బావా?" అన్నాడు. కొంతదూరం పోయాక, "కొనకపోయినా వాడుతున్నాం, అంతేగా నువ్వనేది" అన్నాడు తనే.

నాలుగు రాష్ట్రాలు కలిసే చోటు, షిప్‌రాక్, అల్బుకర్కీ వేగంగా గడిచిపోయాయి. నలభయ్యో నంబరు హైవే ఎక్కాక ట్రక్కు ప్రయాణం ఆనందం కాదు, పని. అమరిల్లో ఊరి బయట ఒకచోట మాత్రం దిగాం. పొలంలో పది పాత కాడిలాక్ కార్లు ముక్కు నేలలో, తోక ఆకాశంలో పెట్టి వరసగా పాతి ఉంటాయి. 1974లో యాంట్ ఫామ్ అనే కళాకారుల బృందం స్టాన్లీ మార్ష్ అనే ధనికుడి పొలంలో పాతింది. 1949 నుంచి 1963 దాకా వచ్చిన మోడళ్లు, తోక రెక్కలు ఏటేటా ఎలా మారాయో చూపించే వరస. ఇప్పుడు ఆ రెక్కలు గుర్తుపట్టడమే కష్టం. వచ్చినవాళ్లందరూ రంగు డబ్బాలతో పేర్లు చల్లి పోతారు, పేరు మీద పేరు, రంగు మీద రంగు, అంగుళాల మందాన పేరుకుంది. మావాడికి ఒక కుర్రాడు సగం మిగిలిన డబ్బా చేతిలో పెట్టాడు. మొహమాటానికి ఒక గీత గీశాడు గానీ, గోరుతో పక్కనున్న పెచ్చు లేపి కింద ఇనుము ఎలా ఉందోనని చూస్తూ నిలబడ్డాడు.

డాలస్‌లో మిగిలింది ఆఫీసు పని. టెక్సస్‌లో పాత బండికి 6.25 శాతం పన్ను. తక్కువకు కొన్నానని చెప్పి తప్పించుకోవడానికి లేదు, రాష్ట్రం వేసుకున్న విలువలో కనీసం 80 శాతం మీద కట్టాల్సిందే. ఫారంలో పాత యజమాని పేరు, ఊరు, రాష్ట్రం రాయడానికి గడి ఉంది. మావాడు పొందిగ్గా నింపాడు.

ఆదివారం స్నేహితులు బండి చూడ్డానికి వచ్చారు. అందరూ తెలుగువాళ్లే, అందరికీ ఈ జబ్బు కొద్దో గొప్పో ఉంది. వంగి చాసిస్‌ చూశారు, తలలూపారు, ఎంతకొచ్చిందని అడిగారు. వసంతంలో తామూ అటే వెళ్తామని, మేం పడుకున్న చోటు లొకేషన్ పంపమని పట్టుబట్టారు. ట్రక్కుల వాళ్లలో ఇది పెద్ద చర్చ. చోటు చెబితే జనం పోటెత్తి పాడవుతుందని కొందరు, చెప్పకుండా దాచుకోవడానికి అదేమైనా నీ జాగీరా అని కొందరు. మావాడు కాసేపు తటపటాయించి గ్రూపులో పంపాడు. దాని కింద ఇలా రాశాడు:

"వాన సూచన ఉంటే ఆ దారిలోకి వెళ్లకండి. పాత టైరు జాడ దాటి ఒక్క అడుగు కూడా పక్కకు తిప్పకండి. డగ్‌వే ఎక్కేముందు హల్చీటా అని వెతికి చదవండి, ఎక్కాక కాదు. నీళ్లు మాత్రం ఫ్లాగ్‌స్టాఫ్‌లోనే నింపుకోండి. కయెంటాలో లైన్లో ఉన్నవాళ్లకు ఇంటికి పట్టుకెళ్లడానికి అవే నీళ్లు."